బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్ళయింది, నేను ఎదిగానా?

తెనాలి అమ్మ | జనవరి 4, రాత్రి 10:42

అందరికీ వందనాలు. చాలా రోజులుగా రాయాలనుకుంటూ ఆగిపోయిన సంగతి ఇది.

31 రాత్రి ఆరాధనకు వెళ్ళొచ్చాం. ఎప్పటిలాగే కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు తీసుకున్నాను. ఇంటికొచ్చి బైబిల్లో పెడదామని తెరిస్తే పాత కార్డులన్నీ జారి కింద పడ్డాయి. మంచం మీద వరసగా పరిచి చూసుకున్నాను. కొత్తదాంతో కలిపి పదకొండు. ఒక్కో కార్డు తీసుకున్న రాత్రి ఏం ప్రార్థించానో గుర్తుంది, ఎందుకంటే ప్రతి ఏడూ ఒకటే ప్రార్థన. "ఈ ఏడైనా నా కోపం పోవాలి ప్రభువా."

మొన్న రెండో తారీఖు పొద్దున మా పాప టిఫిన్ బాక్సు మూత కనబడలేదని దాని మీద గట్టిగా అరిచేశాను. అది ఏడుస్తూనే ఆటో ఎక్కింది. తీరా చూస్తే మూత స్టవ్ పక్కనే ఉంది, పెట్టింది నేనే.

మా సంఘంలో సాక్ష్యాలు వింటుంటాను. రక్షణ పొందిన రోజు నుంచి జీవితమే మారిపోయిందని చెబుతారు. అబద్ధమని అనను. నాకైతే ఆ రోజు కాలువ నీళ్ళ చల్లదనం, తెల్లచీర, గట్టు మీద మా అమ్మ కళ్ళు తుడుచుకోవడం గుర్తున్నాయి. ఆ మరుసటి వారమే తోడికోడలితో మాట పట్టింపు వచ్చి నెల రోజులు పలకలేదు. ఉపవాస కూటాలకు వెళ్తే మూడు రోజులు మనసంతా వెలుగుగా ఉంటుంది. నాలుగో రోజుకి మళ్ళీ పాత నేనే.

ఎదుగుదల అంటే అసలు ఏమిటి? మీకు మీలో అది ఎలా తెలిసింది? వాక్యాలు పంపమని అడగటం లేదు, అవి చదువుతున్నాను. మీ ఇళ్ళల్లో, మీ పనుల్లో జరిగింది చెప్పండి.

సండే స్కూల్ టీచర్, కాకినాడ | జనవరి 4, రాత్రి 11:15

అక్కా, ముందు ఒకటి చెప్పండి. పాప సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చేశారు?

తెనాలి అమ్మ | జనవరి 4, రాత్రి 11:21

గేటు దగ్గరే ఎదురుచూశాను. రాగానే సారీ చెప్పాను. మూత నేనే పెట్టి మర్చిపోయానని కూడా చెప్పాను.

సండే స్కూల్ టీచర్, కాకినాడ | జనవరి 4, రాత్రి 11:24

పదకొండేళ్ళ కిందట అయితే చెప్పేవారా?

తెనాలి అమ్మ | జనవరి 4, రాత్రి 11:40

లేదు. తప్పు నాదే అని తెలిసినా రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగేదాన్ని. ఎదుటివాళ్ళే వచ్చి పలకరించాలి. తోడికోడలి విషయంలో కూడా చివరికి ఆవిడే వచ్చింది.

దీని గురించి ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. కానీ కోపం పోలేదు కదా టీచర్ గారూ, అరవడం అరిచాను కదా.

సండే స్కూల్ టీచర్, కాకినాడ | జనవరి 5, ఉదయం 6:05

పోలేదు. అది తప్పే, తప్పు కాదని నేను చెప్పను. కానీ నెల రోజులు పట్టేది ఇప్పుడు ఒక పూటలో అయింది. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలో పౌలు కోపం గురించి చెప్పేటప్పుడు సూర్యుడు అస్తమించే వరకు అది నిలిచి ఉండకూడదు అన్నాడు. మీ ఇంట్లో ఆ రోజు పొద్దు గుంకక ముందే అది తీరిపోయింది. పండు ఇంకా పండలేదు, కానీ చెట్టు ఎండిపోయిందని మాత్రం అనుకోకండి.

వరి రైతు, ఉండి | జనవరి 5, ఉదయం 8:30

వందనాలు అమ్మా. నేను పెద్దగా రాసేవాణ్ణి కాదు, నాకు తెలిసింది చేనే. మార్కు 4లో 26 నుంచి 29 వరకు ఉన్న ఉపమానం మా పాస్టరు గారు చెప్పినప్పుడల్లా నేను ముందుకు జరిగి కూర్చుంటాను. విత్తనం చల్లినవాడు పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా పెరిగిందో వాడికి తెలియదు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత వెన్నులో ముదురు గింజలు. ఇది పొలం ఎరిగినవాళ్ళకు చెప్పిన మాట.

నారు పీకి ఊడ్చిన మొదటి వారం చేను చూస్తే ఏడుపొస్తుంది. పచ్చగా ఉన్న నారు పసుపు రంగుకి తిరిగి వాలిపోతుంది. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్ళు పైరు పోయిందనుకుంటారు. అది పోలేదు, కింద కొత్త వేళ్ళు పట్టుకుంటోంది. తర్వాత పిలకలు వేస్తుంది, పొట్టకొస్తుంది, ఈనుతుంది, పాలు పోసుకుంటుంది, అప్పుడు గింజ గట్టిపడుతుంది. స్వర్ణ లాంటి రకం సార్వాలో, అంటే వానాకాలం పంటలో, దాదాపు 150 రోజులు తీసుకుంటుంది. అరవయ్యో రోజున చేలో దిగి గింజేదీ అని వెతికే రైతు ఉండడు.

అలాగని గట్టు మీద పడుకోము. నీరు పెట్టాలి, తీయాలి, కలుపు చూడాలి. ఊద గడ్డి ఉంటుంది చూడండి, లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. దగ్గరగా వంగి చూస్తేనే తేడా తెలుస్తుంది. నాలో గర్వం అలా పెరిగింది. సంఘంలో పెద్దరికం వచ్చింది, కానుకల లెక్క నా చేతికి వచ్చింది, అదంతా భక్తి అనుకున్నాను. మా ఆవిడ వంగి చూసి చెప్పింది. ఆరేళ్ళు దాన్ని వరి అనుకుని నీరు పెట్టాను.

యూత్ లీడర్, ఖమ్మం | జనవరి 5, మధ్యాహ్నం 1:10

పెద్దలందరికీ వందనాలు. కొంచెం వేరే మాట చెబుతాను, తప్పుగా అనుకోవద్దు.

"క్రమంగా", "నెమ్మదిగా" అనే మాటలంటే నాకు భయం. మా నాన్న ఇరవై ఏళ్ళు ఆ మాటే చెప్పాడు. తాగుడు నెమ్మదిగా మానేస్తాను, కొంచెం కొంచెం తగ్గిస్తాను అని. అమ్మ పుస్తెలతాడు తాకట్టులోకి పోయింది, నేను ఇంటర్‌తో చదువు ఆపి పనికెళ్ళాను. ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సంఘం ముందు ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. తొమ్మిదేళ్ళు అవుతోంది. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా "నెమ్మదిగా తిరిగిస్తాను" అనలేదు. ప్రభువు ఇంటికొచ్చిన రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు.

కొన్ని విషయాల్లో ఈ రోజే మారాలి. లేకపోతే మన నెమ్మదికి ఇంట్లోవాళ్ళు బలవుతారు.

సండే స్కూల్ టీచర్, కాకినాడ | జనవరి 5, మధ్యాహ్నం 2:48

తమ్ముడూ, ఈ మాట ఇక్కడ ఎవరో ఒకరు చెప్పాలి, నువ్వు చెప్పావు. చేతిలో సీసా ఉన్నవాడికి, చెయ్యి ఎత్తేవాడికి వరి చేను కథ చెప్పి ఊరుకోకూడదు. ఆపమనే చెప్పాలి.

ఒక్కటి అడుగుతాను, ఇష్టమైతేనే చెప్పు. నాన్నగారు మానేసింది ఒక్క రోజులో. అమ్మగారు ఆయన్ని మళ్ళీ నమ్మింది ఎప్పుడు?

యూత్ లీడర్, ఖమ్మం | జనవరి 5, రాత్రి 9:55

మధ్యాహ్నం నుంచి ఈ ప్రశ్నే తిరుగుతోంది.

అమ్మ నాలుగేళ్ళ వరకు బీరువా తాళం ఇవ్వలేదు. నాన్న రాత్రి ఆలస్యమైతే గుమ్మం దగ్గర నిలబడి వాసన చూసేది. నాన్నకి అది తెలుసు, ఏమీ అనేవాడు కాదు. తలొంచుకుని లోపలికి వచ్చేవాడు. ఒకరోజు చందా కట్టడానికి డబ్బులు కావాలంటే అమ్మ తాళమే ఆయన చేతిలో పెట్టింది. నాన్న బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

తాగుడు మానడం కంటే ఆ నాలుగేళ్ళు తలొంచుకుని ఉండటమే ఆయనకు కష్టమైందేమో. నేను ఎక్కడ సాక్ష్యం చెప్పినా ఆ ఆదివారం గురించే చెప్పాను. ఈ నాలుగేళ్ళ గురించి ఎప్పుడూ చెప్పలేదు.

ఒంగోలు మాస్టారు | జనవరి 6, ఉదయం 7:20

ఖమ్మం అబ్బాయి రాసింది చదివాక మా ఊరి చరిత్ర చెప్పాలనిపించింది. నేను రిటైరైన సోషల్ మాస్టారిని, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఒంగోలు అనగానే క్రైస్తవుల్లో చాలామందికి 1878 జూలై 3 గుర్తొస్తుంది. గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఆ అంకె తరచూ వింటాం. నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లల్ని ఆ తేదీకి ముందుకు తీసుకెళ్ళేవాణ్ణి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను శామ్యూల్ డే దొర 1836లో మొదలుపెట్టాడు. 1840 నుంచి నెల్లూరు కేంద్రం. ఏళ్ళ తరబడి విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఇక మూసేద్దామని అమెరికాలో ఒకటి కంటే ఎక్కువసార్లు చర్చ జరిగింది. పటంలో ఒంటరిగా ఉన్న చుక్క కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లోని జూయెట్ దొర దంపతులు, ఇంకో ముగ్గురు స్థానిక విశ్వాసులు ఒంగోలులోని కొండెక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. ఆ తర్వాత వెంటనే ఏమైంది? ఏమీ కాలేదు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. కొండ మీది ప్రార్థనకి ఈ ఎనిమిది మందికి మధ్య పదమూడేళ్ళు ఉన్నాయి.

ఇంకో సంగతి. 1876 నుంచి 1878 వరకు ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కరువు పని జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వనని ఆపేశాడు. అన్నం కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది కాలమే తేల్చాలని. అడిగినవాళ్ళను నెలల తరబడి ఆగమన్నాడు. ఆగినవాళ్ళే 1878లో ఏటి దగ్గరకు వచ్చారు.

ఆ తర్వాత పని ఇంకా నెమ్మదిగా సాగింది. పల్లెల్లో చాలామందికి అక్షరం రాదు. పగలంతా కూలి. రాత్రి దీపం దగ్గర పంతులు ఒక్కో కీర్తన, ఒక్కో ఆజ్ఞ నోటికి చెప్పించేవాడు. మా నాయనమ్మ అలా నేర్చుకున్నవాళ్ళ మనవరాలు. ఆమె నలభై దాటాక, మా నాన్న పలక తీసుకుని అక్షరాలు దిద్దింది. యోహాను సువార్త కూడబలుక్కుని పూర్తి చేయడానికి మూడేళ్ళు పట్టిందట. చివరి అధ్యాయం అయిపోయిన రోజు మళ్ళీ మొదటి అధ్యాయం తీసింది.

తెనాలి అమ్మా, మీ పదకొండు కార్డులు మంచం మీద పరిచారని చదివినప్పుడు నాకు ఆ కొండ మీది ఐదుగురే కళ్ళముందు కనిపించారు.

కిరాణా కొట్టు, గుణదల | జనవరి 6, రాత్రి 11:02

మేము కతోలికులం. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు కానీ ఈ విషయం మా ఇంట్లోది కూడా.

మా గురువులు యువతకు ధ్యాన కూటమి పెట్టినప్పుడు రాత్రిపూట చేసే ఆత్మశోధన నేర్పారు. పునీత లొయోలా ఇన్యాసివారు 16వ శతాబ్దంలో నేర్పిన పద్ధతి. నేను దాన్ని కొట్టు కట్టేసేటప్పుడు చేస్తాను. గల్లా లెక్క ఎలాగూ చూసుకోవాలి కదా, దానితో పాటు రోజు లెక్క. ముందు కృతజ్ఞత, అది ముందు రావాలి, వరస మార్చకూడదు. తర్వాత పొద్దున్నుంచి జరిగింది ఒక్కొక్కటీ గుర్తుచేసుకోవడం. ఎక్కడ దేవునికి దగ్గరగా నడిచాను, ఎక్కడ మొహం తిప్పుకున్నాను. దానికి క్షమాపణ. ఆఖరున రేపటికి ఒక్క సహాయం అడగడం. పది నిమిషాలు.

మొదట్లో రోజూ ఒకే తప్పు కనిపించి సిగ్గేసేది. అప్పు అడగడానికి వచ్చేవాళ్ళ మీద కసురుకోవడం. ఒకసారి పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, "ఫాదర్, ప్రతి నెలా ఇదే చెబుతున్నాను" అన్నాను. ఆయన, "మూడేళ్ళ కిందట ఇంకా ఏమేం చెప్పేవాడివో గుర్తుందా?" అని అడిగారు. తూకం సంగతి గుర్తొచ్చింది. అప్పట్లో కందిపప్పు తూకంలో కొంచెం తగ్గించేవాణ్ణి. అది ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మానేయాలని పట్టుబట్టిన రోజు కూడా గుర్తులేదు.

నైట్ డ్యూటీ నర్సు, హైదరాబాద్ | జనవరి 7, తెల్లవారుజామున 4:50

ఇప్పుడే కాస్త ఖాళీ దొరికింది.

నాకు తెల్లవారుజాము ప్రార్థన కుదరదు, ఆ టైంలో వార్డులో ఉంటాను. చాలా ఏళ్ళు దీని గురించి నేరం చేసినట్టు బాధపడ్డాను. ఇప్పుడు ఒక పని చేస్తున్నాను. ఒక్కో పేషెంట్ దగ్గరకు వెళ్ళే ముందు చేతులకు శానిటైజర్ రాసుకోవాలి, ఇరవై సెకన్లకు పైనే పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో 141వ కీర్తనలో మూడో వచనం మనసులో అనుకుంటాను. నా నోటికి కావలి ఉంచమని. ఒక రాత్రికి ఎన్నిసార్లు అవుతుందో లెక్కపెట్టలేదు.

పేషెంట్ల బంధువులు అరుస్తారు, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. ముందు నేను కూడా అరిచేదాన్ని. ఇప్పుడు అప్పుడప్పుడూ అరుస్తాను. కానీ మాట బయటికి వచ్చేలోపు ఒక చిన్న సందు దొరుకుతోంది. ఇంతకుముందు ఆ సందు ఉండేది కాదు. అక్కా, నాకు ఎదుగుదల అంటే ప్రస్తుతానికి ఆ సందే.

కువైట్ చెల్లి | జనవరి 9, రాత్రి 11:30

అందరి మాటలూ చదివాను. నేను ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను, మాది కడప వైపు. ఇక్కడ మన తెలుగు సంఘాలు శుక్రవారం కూడుకుంటాయి. నాకు శుక్రవారమే పని ఎక్కువ, ఇంటికి చుట్టాలు వస్తారు. రెండేళ్ళలో మూడుసార్లు వెళ్ళాను.

వారానికి ఒక వచనం కాగితం మీద రాసి సింకు పైన గోడకు అంటిస్తాను. గిన్నెలు కడుగుతూ చదువుకుంటాను. తడికి అక్షరాలు అలుక్కుపోయేసరికి నోటికి వచ్చేస్తుంది. నా ఆరాధన అంతే. సంఘం లేదు, ప్రభువు బల్ల లేదు, పాట కలిపేవాళ్ళు లేరు. ఇలా ఉంటే ఎదుగుతామా, లేక ఉన్నచోటే ఉండిపోతామా?

పాస్టరమ్మ, పశ్చిమ గోదావరి | జనవరి 10, ఉదయం 5:40

చెల్లెమ్మా, నీ ప్రశ్నకే రాస్తున్నాను.

నేను పాస్టరు గారి భార్యను. ఇరవై మూడేళ్ళుగా మందిరం ఆవరణలోనే కాపురం. వారంలో ఐదు కూటాలు. అయినా మా బాబు పోయాక రెండేళ్ళు నాకు ప్రార్థన రాలేదు. మోకరించేదాన్ని, ఏమీ వచ్చేది కాదు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు, పాస్టరమ్మకే ప్రార్థన రాకపోతే వాళ్ళేమైపోతారని. స్త్రీల కూటంలో నోటితో ప్రార్థన చేయించేదాన్ని, లోపల బీడు.

మా పెరట్లో ఏటా తాటి టెంకలు పాతరేస్తారు, తేగల కోసం. నువ్వు తిన్నావో లేదో. టెంక పాతాక నెలల తరబడి పైన ఏమీ కనిపించదు. మొలక పైకి రాదు, కిందికి దిగుతుంది. తవ్వితే గాని అంత పొడుగు తేగ దిగిందని తెలియదు. ఆ రెండేళ్ళు నాకు అలాంటివని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు, కాబట్టి నువ్వు కూడా నమ్మాలని పట్టుబట్టను.

కానీ సహవాసం లేకపోవడం లోటే. అది లోటు కాదని చెప్పి నిన్ను ఓదార్చను. హెబ్రీ పత్రిక సమాజంగా కూడటం మానవద్దని చెప్పింది ఒంటరివాళ్ళను తిట్టడానికి కాదు, ఒకరినొకరు పురికొల్పుకోవాలని. నువ్వు రాలేకపోతే మేమే నీ దగ్గరకు రావాలి. ఫోన్‌లో అయినా సరే. ఇక్కడ ఉన్న ఆడవాళ్ళలో ఎవరైనా వారానికి ఒకరోజు ఈ చెల్లితో కలిసి ప్రార్థన చేయగలరా?

ఇంకో మాట, తెనాలి అమ్మకు. మన సాక్ష్యాల్లో ఒక లోపం ఉంది, ఖమ్మం బాబు దాన్ని చెప్పేశాడు. మొదటి రోజు చెబుతాం, ఈ రోజు చెబుతాం. మధ్యలో ఏళ్ళు వదిలేస్తాం. వినేవాళ్ళు మధ్యలోనే ఉంటారు కాబట్టి తమకేదో తక్కువైందని అనుకుంటారు. మొన్న ఆదివారం స్త్రీల కూటంలో నా రెండేళ్ళ సంగతి మొదటిసారి చెప్పాను. కూటం అయ్యాక ముగ్గురు వెళ్ళకుండా కూర్చున్నారు.

తెనాలి అమ్మ | ఫిబ్రవరి 22, రాత్రి 9:18

చాలా రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను.

గుణదల అన్నయ్య చెప్పిన రాత్రి లెక్క మొదలుపెట్టాను. ముందు కృతజ్ఞత, వరస మార్చలేదు. మూడు రాత్రులు బాగా జరిగింది. నాలుగో రాత్రి నిద్రపోయాను. తర్వాత ఒక వారం అసలు చేయలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు వారంలో నాలుగైదు రోజులు అవుతోంది.

తోడికోడలి ఇంటికి వెళ్ళాను. పదకొండేళ్ళ కిందటి సంగతి, ఆవిడే మర్చిపోయి ఉంటుందనుకున్నాను. మర్చిపోలేదు. "ఆ నెల రోజులు మా ఇంటాయన ఇద్దరి మధ్య నలిగిపోయాడు" అంది. ఈసారి నేనే ముందు క్షమాపణ అడిగాను. ఇద్దరం కూర్చుని సొరకాయ తరుక్కుంటూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

అరవడం పూర్తిగా పోలేదు. పోయిన గురువారం పరీక్షల గురించి పాప మీద మళ్ళీ గొంతు లేచింది. అది నా వైపు చూసి, "అమ్మా, సాయంత్రం సారీ చెప్తావు కదా, ఇప్పుడే చెప్పేయ్" అంది. అప్పుడే చెప్పేశాను.

కువైట్ చెల్లీ, పాస్టరమ్మ గారు అడిగినప్పుడు నేను జవాబు ఇవ్వలేదు, ధైర్యం చాలలేదు. నాకు పెద్దగా ప్రార్థన చేయడం రాదు. అయినా నీకు ఇష్టమైతే శుక్రవారం రాత్రి నేను ఫోన్ చేస్తాను. మాకు పది అంటే మీకు ఏడున్నర అవుతుందట, మా ఆయన చూసి చెప్పారు.

కువైట్ చెల్లి | ఫిబ్రవరి 22, రాత్రి 11:50

అక్కా, ఆ టైంకి సింకు నిండా గిన్నెలు ఉంటాయి. ఫోన్ గోడకు ఆనించి పెట్టుకోవాలి. నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, పర్లేదా?

తెనాలి అమ్మ | ఫిబ్రవరి 23, ఉదయం 5:55

పర్లేదమ్మా. నావి కూడా అప్పటిదాకా అట్టే పెడతాను. ఈ వారం గోడ మీద ఏ వచనం ఉందో చెప్పు, నేను కూడా రాసి అంటించుకుంటాను.